హోవార్డ్ అట్వుడ్ కెల్లీ

హోవార్డ్ అట్వుడ్ కెల్లీ (1858 ఫిబ్రవరి 20 - 1943 జనవరి 12) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు, స్త్రీవ్యాధుల నిపుణుడు, గ్రంథకర్త. బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిని, వైద్య కళాశాలను తీర్చిదిద్దిన నలుగురు ప్రథమాచార్యులలో ఈయన ఒకడు. స్త్రీవ్యాధుల చికిత్సను ప్రసూతి శాస్త్రం నుండి వేరుచేసి ఒక స్వతంత్ర శస్త్రచికిత్సా శాఖగా నిలబెట్టిన ఘనత ఈయనకు దక్కుతుంది. పొట్ట మీద వేలాడే అధిక చర్మాన్ని, కొవ్వును కోసి తొలగించే శస్త్రచికిత్సను 1899లో చేసి ప్రకటించడం ద్వారా, నేడు టమ్మీ టక్ అని వ్యవహరించే అబ్డామినోప్లాస్టీకి ఆద్యులలో ఒకడుగా వైద్య చరిత్రలో నిలిచాడు.

బాల్యం, విద్యాభ్యాసం

కెల్లీ న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్డెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి వ్యాపారి. తల్లి దైవభక్తురాలు. బైబిలు పఠనం పట్ల, ప్రకృతి పరిశీలన పట్ల ఆసక్తిని కుమారునిలో చిన్ననాడే నాటింది ఆమెయే. పురుగులు, పాములు, మొక్కలు సేకరించి పరిశీలించే అలవాటు ఈయనకు జీవితాంతం నిలిచిపోయింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుండి 1877లో పట్టభద్రుడై, అక్కడే వైద్యవిద్యలో చేరాడు. చదువు ఒత్తిడి వలన నిద్రలేమితో ఆరోగ్యం దెబ్బతినగా, ఒక సంవత్సరం చదువు మాని కొలరాడో ప్రాంతంలో పశువుల కాపరిగా గుర్రాల మీద తిరిగాడు. ఆరోగ్యం కుదుటపడిన తరువాత తిరిగివచ్చి 1882లో వైద్య పట్టా పొందాడు.

ఫిలడెల్ఫియాలో తొలి సేవలు

పట్టా పొందిన తరువాత ఫిలడెల్ఫియా నగరంలో కెన్సింగ్టన్ అనే కార్మికవాడలో వైద్యం ప్రారంభించాడు. మిల్లులలో పనిచేసే పేద కుటుంబాల స్త్రీలు ఈయన వద్దకు ఎక్కువగా వచ్చేవారు. కాన్పుల తరువాత సరైన వైద్యం అందక ఏళ్ళ తరబడి బాధపడుతున్న స్త్రీల స్థితిని ఈయన ఇక్కడే దగ్గరగా చూశాడు. వారి కోసం 1880వ దశకంలో కెన్సింగ్టన్ మహిళా ఆసుపత్రిని స్థాపించాడు. అదే కాలంలో ఐరోపాకు, ముఖ్యంగా జర్మనీకి వెళ్ళి, అక్కడి శస్త్రవైద్యుల పద్ధతులను పరిశీలించి వచ్చాడు.

1888లో ఈయన చేసిన సిజేరియన్ శస్త్రచికిత్స నగరమంతటా చర్చనీయాంశమైంది. అంతకు ముందు సుమారు 50 సంవత్సరాలుగా ఫిలడెల్ఫియాలో సిజేరియన్ చేయించుకుని బ్రతికిన తల్లి లేదు. కెల్లీ చేతిలో ఆ తల్లి బ్రతికింది. అదే సంవత్సరం పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్ర సహాచార్యుడుగా నియమితుడయ్యాడు.

జాన్స్ హాప్కిన్స్

1889లో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి ప్రారంభమైంది. ఫిలడెల్ఫియాలో కెల్లీ పనితనాన్ని ఎరిగిన విలియం ఆస్లర్ సిఫారసుతో ఆ ఆసుపత్రిలో స్త్రీవ్యాధుల, ప్రసూతి విభాగానికి కెల్లీని అధిపతిగా పిలిచారు. అప్పటికి ఈయన వయసు 31 సంవత్సరాలు. వ్యాధి విజ్ఞానంలో విలియం వెల్చ్, వైద్యంలో ఆస్లర్, శస్త్రచికిత్సలో విలియం హాల్‌స్టెడ్, స్త్రీవ్యాధులలో కెల్లీ - ఈ నలుగురినీ హాప్కిన్స్ చతుష్టయంగా వ్యవహరిస్తారు. వీరిని ఒకేచోట చేర్చి ప్రసిద్ధ చిత్రకారుడు జాన్ సింగర్ సార్జెంట్ 1905-06లో గీసిన తైలవర్ణ చిత్రం హాప్కిన్స్ సంస్థలోనే ఉంది.

హాల్‌స్టెడ్ నెమ్మదిగా, కణజాలాన్ని ఏమాత్రం నొప్పించకుండా కోసే పద్ధతికి పేరుపొందగా, కెల్లీ చురుకైన చేతికి, వేగానికి పేరుపొందాడు. దేశదేశాల నుండి వైద్యులు వచ్చి ఈయన శస్త్రచికిత్సలను చూసేవారు. శస్త్రచికిత్సకు ముందు తన బృందంతో కలిసి ప్రార్థన చేయడం ఈయన నియమం.

1899లో ప్రసూతి విభాగాన్ని విట్రిడ్జ్ విలియమ్స్‌కు అప్పగించి, తాను స్త్రీవ్యాధుల శస్త్రచికిత్సకే పరిమితమయ్యాడు. ఆచార్యులు సొంత వైద్యం మానుకుని పూర్తికాలం సంస్థలోనే పనిచేయాలనే విధానం తరువాతి కాలంలో హాప్కిన్స్‌లో ప్రవేశించింది. అది ఈయనకు సరిపడలేదు. 1919లో పదవి నుండి వైదొలగి, తన సొంత వైద్యశాలకే పూర్తికాలం కేటాయించాడు.

పరికరాలు, పద్ధతులు

కెల్లీ పేరు నేటికీ ప్రపంచమంతటా ఆపరేషన్ గదులలో వినిపించడానికి కారణం ఈయన రూపొందించిన పరికరాలు. రక్తనాళాన్ని నొక్కిపట్టి రక్తస్రావాన్ని ఆపే కెల్లీ ఫోర్సెప్స్ వీటిలో ముఖ్యమైనది. మన ఆసుపత్రులలోని నర్సులకు కూడా ఇది చిరపరిచితమైన పేరే.

స్త్రీల మూత్రాశయాన్ని లోపలి నుండి కంటితో చూసి పరీక్షించే పద్ధతిని ఈయన 1890వ దశకంలో ప్రవేశపెట్టాడు. రోగిని మోకాళ్ళ మీద, ఛాతీ మీద వంచి ఉంచినప్పుడు మూత్రాశయం గాలితో నిండి విచ్చుకుంటుంది. అప్పుడు సన్నని గొట్టం ద్వారా, నుదుటి అద్దంతో కాంతిని లోనికి ప్రసరింపజేసి చూసేవాడు. మూత్రపిండాల నుండి వచ్చే నాళాలలోకి సన్నని గొట్టాన్ని పంపి, ఏ మూత్రపిండానికి వ్యాధి ఉందో తెలుసుకునేవాడు. గొట్టం కొనకు మైనం పూసి లోనికి పంపితే, రాయి ఉన్నచోట మైనం మీద గీత పడేది. ఎక్స్‌రే వాడుక ఇంకా స్థిరపడని ఆ రోజులలో మూత్రపిండాల రాళ్ళను గుర్తించడానికి ఇది విలువైన ఉపాయం.

కాన్పుల తరువాత కొందరు స్త్రీలకు దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోయే బాధ కలుగుతుంది. దీనికి మూత్రాశయ కంఠం వద్ద కుట్లు వేసి బిగించే పద్ధతిని ఈయన 1913-14లో ప్రకటించాడు. కెల్లీ కుట్టుగా పేరుపడిన ఈ పద్ధతి చాలాకాలం ప్రామాణికంగా నిలిచింది.

ఉదర కొవ్వు తొలగింపు శస్త్రచికిత్స

19వ శతాబ్దం చివరి దశాబ్దాలకు పొట్ట కోసి చేసే శస్త్రచికిత్సలు సాధ్యమయ్యాయి. దీనికి మత్తుమందులు, సూక్ష్మజీవులు సోకకుండా చేసే శుభ్రతా పద్ధతులు రెండూ కారణాలు. మత్తుమందుల భద్రత గురించిన ఆనాటి చర్చలో తెలుగు ప్రాంతానికి కూడా చోటుంది. నేటి కామారెడ్డి, తాడ్వాయి ప్రాంతాలు కూడా అంతర్భాగంగా ఉన్న నాటి హైదరాబాదు సంస్థానంలో, ఎడ్వర్డ్ లారీ అనే వైద్యుని ఆధ్వర్యంలో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వీటికి ధనసహాయం చేశాడు. క్లోరోఫామ్ ప్రమాదంలో శ్వాస ఎప్పుడూ గుండె కంటే ముందు ఆగుతుందని, కనుక శ్వాసను గమనిస్తే చాలునని ఆ కమిషన్లు తేల్చాయి. ఈ మందు గుండెను నేరుగా ఆపివేయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగపూర్వకంగా నిరూపించడంతో ఆ నిర్ణయం తప్పని తేలింది.

పొట్ట మీది కొవ్వును కోసి తొలగించడం కెల్లీతోనే మొదలు కాలేదు. ఫ్రాన్సులో 1890లోనే డెమార్స్, మార్క్స్ అనే వైద్యులు ఇటువంటి శస్త్రచికిత్సను ప్రకటించారు. అమెరికాలో 1899లో కెల్లీ ప్రకటించినది ప్రథమంగా భావిస్తారు. రోగి బాగా స్థూలకాయురాలైన ఒక స్త్రీ. పొట్టకు అడ్డంగా పొడవైన కోత పెట్టి, చర్మంతో సహా కొవ్వును ఒకే ముక్కగా తీశాడు. దాని బరువు 7,450 గ్రాములు, పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 31 సెంటీమీటర్లు, మందం 7 సెంటీమీటర్లు. 1910లో ఇదే విషయం మీద మరొక వ్యాసం ప్రచురించాడు. ఈ పద్ధతికి ఈయన వాడిన లైపెక్టమీ అనే పేరు వైద్య పరిభాషలో స్థిరపడింది.

కెల్లీ ప్రధానోద్దేశం అందం కాదు, ఉపశమనం. తొడల మీదికి జారిన పొట్ట నడవనీయదు, వంగనీయదు. నడుము మీద భారం మోపుతుంది. మడత కింద చెమట నిలిచి చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి. కాన్పుల అనంతరం బిగువు కోల్పోయిన పొట్టలను, బొడ్డు వద్ద వరిబీజం ఏర్పడిన పొట్టలను నిత్యం చూసే స్త్రీవ్యాధుల నిపుణునికి ఈ బాధ తెలియనిది కాదు. అయితే ఆనాటి పద్ధతికి పరిమితులు ఎక్కువ. కోత పొట్ట మధ్యలో పడేది, మచ్చ కనిపించేది. తొలగించిన భాగంతో పాటు బొడ్డును కూడా కోల్పోవడం సాధారణం. యాంటీబయాటిక్ మందులు, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులు అప్పటికి లేవు.

తరువాతి పరిణామం

కెల్లీ అనంతరం ఈ శస్త్రచికిత్స క్రమంగా ప్లాస్టిక్ సర్జన్ల చేతికి వచ్చింది. షికాగోకు చెందిన మాక్స్ థోరెక్ 1920వ దశకంలో బొడ్డును కాపాడే పద్ధతులను వివరించాడు. 1957లో వెర్నన్ బొడ్డును చుట్టూ కోసి, కిందికి లాగిన చర్మంలో కొత్త రంధ్రం చేసి అమర్చే విధానాన్ని ప్రకటించాడు. బ్రెజిల్ దేశస్థుడైన ఇవో పిటాంగి 1967లో తన విస్తృతానుభవాన్ని ప్రచురించి, లోదుస్తుల కింద దాగే విధంగా కోతను బాగా దిగువకు మార్చే పద్ధతికి ప్రాచుర్యం కల్పించాడు. 1970వ దశకం చివర ఫ్రాన్సులో ఇల్లూజ్ అభివృద్ధి చేసిన, గొట్టంతో కొవ్వును పీల్చివేసే లైపోసక్షన్ దీనికి తోడైంది.

నేటి శస్త్రచికిత్సలో సాధారణంగా రోగికి పూర్తి మత్తు ఇచ్చి, ఒక తుంటి ఎముక నుండి మరొక తుంటి ఎముక వరకు పొత్తికడుపు దిగువన కోత పెడతారు. చర్మాన్ని, కొవ్వును పక్కటెముకల వరకు పైకి లేవదీస్తారు. కాన్పుల వలన మధ్యలో ఎడమైన నిలువు కండరాలను కుట్లతో దగ్గరకు చేరుస్తారు. మిగులు చర్మాన్ని కిందికి లాగి కోసివేసి, బొడ్డును కొత్తచోట అమర్చి కుడతారు. లోపల ఊరే ద్రవం బయటకు పోవడానికి తరచుగా సన్నని గొట్టాలు అమర్చుతారు. దీనికి సాధారణంగా రెండు నుండి నాలుగు గంటలు పడుతుంది. కండరాలను బిగించకుండా వేలాడే భాగాన్ని మాత్రమే తొలగిస్తే దానిని పానిక్యులెక్టమీ అంటారు. కెల్లీ చేసినది నేటి పరిభాషలో దీనికే దగ్గర.

శస్త్రచికిత్స తరువాత కొన్ని రోజుల పాటు నిటారుగా నిలబడలేక కొంచెం వంగి నడవవలసి వస్తుంది. బిగువైన పట్టీని కొన్ని వారాలు ధరించాలి. సుమారు ఆరు వారాల వరకు బరువులు ఎత్తరాదు. మచ్చ శాశ్వతం, ఏడాది, ఆపైన గడిచేసరికి రంగు తగ్గుతుంది. పొత్తికడుపు దిగువన స్పర్శ తగ్గడం సాధారణం, అది కొందరిలో నిలిచిపోవచ్చు. చర్మం కింద నీరు చేరడం, గాయం చీము పట్టడం, గాయం అంచు చర్మం నల్లబడి చనిపోవడం తెలిసిన ఇబ్బందులు. పొగతాగే వారిలో చివరిది ఎక్కువ గనుక, కనీసం నాలుగు వారాల ముందు నుండి మానమని వైద్యులు నిర్బంధిస్తారు. అన్నిటికంటె తీవ్రమైనది కాలి సిరలలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, ఇది ప్రాణాంతకం కావచ్చు. అందువలననే రోగిని త్వరగా లేపి నడిపిస్తారు, అవసరమైన వారికి రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

దీనిని బరువు తగ్గించే చికిత్సగా భావించడం పొరపాటు. పేగుల చుట్టూ లోపల పేరుకున్న కొవ్వును ఈ పద్ధతి తాకదు. మధుమేహాన్ని గానీ, రక్తపోటును గానీ నయం చేయదు. బరువు తగ్గించుకుని కొంతకాలం నిలకడగా ఉన్నవారికి, ఇక సంతానం వద్దనుకున్న వారికి ఇది ఎక్కువగా ఉపకరిస్తుంది. మళ్ళీ గర్భం దాల్చినా, బరువు పెరిగినా ఫలితం చాలావరకు పోతుంది. కాన్పు తరువాత ఎడమైన కండరాలకు మొదట వ్యాయామ చికిత్స చేయించడం ఆచారం.

రేడియం చికిత్స

క్యాన్సర్ చికిత్సకు రేడియం వాడిన అమెరికా వైద్యులలో కెల్లీ అగ్రగణ్యుడు. 1913లో జేమ్స్ డగ్లస్ అనే గనుల పారిశ్రామికవేత్తతో కలిసి జాతీయ రేడియం సంస్థను స్థాపించాడు. అమెరికా గనుల శాఖ సహకారంతో కొలరాడోలోని ఖనిజం నుండి ఈ సంస్థ రేడియం తీసింది. పూర్వం ఐరోపా నుండి కొనవలసి వచ్చిన ఈ పదార్థం దానితో స్వదేశంలోనే లభ్యమైంది. కెల్లీ వైద్యశాల గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ చికిత్సకు ప్రముఖ కేంద్రమైంది.

ఈ రంగంలో ఈయన విమర్శలను కూడా ఎదుర్కొన్నాడు. న్యూజెర్సీకి చెందిన రాబర్ట్ బ్రెమ్నర్ అనే కాంగ్రెసు సభ్యునికి 1913 చివరలో ఈయన రేడియంతో చేసిన చికిత్స పత్రికలలో గొప్ప ఆశలు రేపింది. 1914 ఫిబ్రవరిలో బ్రెమ్నర్ మరణించాడు. అరుదైన పదార్థం కొద్దిమంది వైద్యుల చేతిలో ఉండటం మీద, పత్రికా ప్రచారం మీద అప్పట్లో తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. తరువాతి కాలంలో రేడియం స్థానంలో మరింత సురక్షితమైన కిరణ పదార్థాలు వచ్చినా, వ్యాధి ఉన్నచోటనే కిరణాలను ఉంచే పద్ధతి కొనసాగుతున్నది.

రచనలు

కెల్లీ 500కు పైగా వ్యాసాలు, అనేక గ్రంథాలు రచించాడు. 1898లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆపరేటివ్ గైనకాలజీ వీటిలో ప్రసిద్ధమైనది. దీనికి చిత్రాలు గీయడానికి జర్మనీ నుండి మాక్స్ బ్రోడెల్ అనే చిత్రకారుని 1894లో రప్పించాడు. ఆ బ్రోడెల్ 1911లో హాప్కిన్స్‌లో వైద్య చిత్రకళా విభాగాన్ని స్థాపించి, ఆ కళకు ఆద్యుడుగా పేరుపొందాడు. ఎలిజబెత్ హర్డన్‌తో కలిసి ఉండుకం మీద 1905లో వెలువరించిన గ్రంథం, పసుపు జ్వర పరిశోధకుడు వాల్టర్ రీడ్ జీవితచరిత్ర (1906), అమెరికా వైద్యుల జీవితచరిత్రల కోశం (1912) ఈయన ఇతర ముఖ్య రచనలు.

వ్యక్తిగత జీవితం, విశ్వాసాలు

1889లో నాటి జర్మనీలోని డాంజిగ్ నగరానికి చెందిన లెటీషియా బ్రెడోను వివాహమాడాడు. వీరికి తొమ్మండుగురు సంతానం. కెల్లీ నిష్ఠాగరిష్ఠుడైన క్రైస్తవుడు. తన విశ్వాసాన్ని సమర్థిస్తూ 1925లో ఒక పుస్తకం ప్రచురించాడు. మద్యపాన నిషేధానికి, బాల్టిమోర్‌లో వేశ్యావాటికల నిర్మూలనకు ప్రచారం చేశాడు. పాముల మీద, పుట్టగొడుగుల మీద విశేష పరిశోధన చేసి, తన పుట్టగొడుగుల గ్రంథాలను, చిత్రాలను మిషిగన్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశాడు.

ధనవంతుల వద్ద ఎక్కువ రుసుము తీసుకునేవాడని విమర్శ ఉన్నప్పటికీ, తన రోగులలో అధికభాగానికి ఉచితంగానే వైద్యం చేశాడు. తెలుగులో కూడా బహుళ ప్రచారంలో ఉన్న గ్లాసు పాల కథ ఈయనదే. ఇంటింటికీ తిరిగి వస్తువులు అమ్ముకునే పేద బాలునికి ఒక యువతి పాలు ఇచ్చిందని, అతడు వైద్యుడై ఆమె ఆసుపత్రి ఖర్చు రద్దు చేశాడని ఆ కథ చెబుతుంది. 1959లో ఆడ్రీ డేవిస్ వ్రాసిన జీవితచరిత్ర ప్రకారం కెల్లీ కాలినడకన విహారానికి వెళ్ళినప్పుడు ఒక పల్లె ఇంటి వద్ద మంచినీరు అడిగితే ఆ ఇంటి బాలిక పాలు ఇచ్చింది. తరువాత ఆమె రోగిగా వచ్చినప్పుడు రుసుము తీసుకోలేదు. కెల్లీ పేద బాలుడు అన్నది మాత్రం కల్పన.

మరణం, వారసత్వం

1943 జనవరి 12న బాల్టిమోర్‌లోని యూనియన్ మెమోరియల్ ఆసుపత్రిలో తన 84వ ఏట కెల్లీ మరణించాడు. అదే ఆసుపత్రిలో ఉన్న భార్య లెటీషియా కొద్ది గంటల వ్యవధిలోనే కన్నుమూసింది. హాప్కిన్స్‌లో ఈయన అనంతరం శిష్యుడు థామస్ కల్లెన్ స్త్రీవ్యాధుల విభాగాన్ని నడిపాడు. ఈయన రూపొందించిన మూత్రాశయ పరీక్ష, రేడియం చికిత్స నూతన పద్ధతులకు చోటిచ్చి తప్పుకున్నా, ఫోర్సెప్స్ మాత్రం నేటికీ వాడుకలో ఉన్నది. భారంతో నడవలేని ఒక స్త్రీకి 1899లో చేసిన శస్త్రచికిత్స అనేక మార్పులు చెంది, నేడు ప్రపంచంలో అధికంగా జరిగే సౌందర్య శస్త్రచికిత్సలలో ఒకటిగా కొనసాగుతున్నది.